కంట్లో పువ్వు పడక ముందే

2025 అక్టోబరులో దగ్గుమందు పేరు వింటేనే తల్లిదండ్రుల గుండె ఝల్లుమంది. మన రాష్ట్రంలోనే, కాంచీపురం జిల్లాలో తయారైన కోల్డ్‌రిఫ్ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం 48.6 శాతం ఉందని తమిళనాడు ఔషధ నియంత్రణ శాఖ పరీక్షలో తేలింది. మధ్యప్రదేశ్‌లో ఇరవై మందికి పైగా పసిపిల్లలు కిడ్నీలు దెబ్బతిని కన్నుమూశారు. అంతకు రెండేళ్ల ముందు, 2023లో, చెన్నై దగ్గర తయారై అమెరికాకు వెళ్లిన కంటి చుక్కల మందు వల్ల అక్కడ మొండి బాక్టీరియా సోకి కొందరు చూపు పోగొట్టుకున్నారు. ఈ రెండు ఘటనల తర్వాత సీసా మీద కంపెనీ పేరు, గడువు తేదీ చూసి కొనే అలవాటు మన ఇళ్లలో పెరిగింది. అది మంచిదే.

అయితే కల్తీ లేని మందు, పేరున్న కంపెనీ మందు, గడువు దాటని మందు కూడా కన్ను పోగొట్టగలదు. ఏ జబ్బుకో తెలియకుండా వాడితే చాలు. దీన్ని అర్థం చేసుకోవడానికి ఎక్కడికో వెళ్లనక్కరలేదు. ప్రపంచ కంటి వైద్యులు ఇవాళ అనుసరిస్తున్న కొన్ని ముఖ్యమైన పాఠాలు మదురై, కోయంబత్తూరు ఆసుపత్రుల వార్డుల్లోనే పుట్టాయి.

మన పెద్దవాళ్లు "కంట్లో పువ్వు పడింది" అంటారు. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే కార్నియా పొరకు పుండు పడి, మానిన చోట తెల్లని మచ్చ మిగలడమే ఆ పువ్వు. మచ్చ నడిమధ్యన పడితే చూపు పోతుంది. 1990లలో జరిగిన ఒక అధ్యయనం మదురై జిల్లాలో ఏటా ప్రతి లక్ష మందిలో 113 మందికి ఇలాంటి పుండ్లు వస్తున్నాయని అంచనా వేసింది. అమెరికాలో ఒక జిల్లాలో ఇదే విధంగా లెక్కిస్తే లక్షకు 11 మాత్రమే తేలింది. అంటే మన దగ్గర పది రెట్లు ఎక్కువ.

కారణం మన పనుల్లోనే ఉంది. మదురై అరవింద్ కంటి ఆసుపత్రికి కార్నియా పుండుతో వచ్చిన 434 మందిని 1994లో పరిశీలిస్తే, వాళ్లలో సుమారు మూడింట రెండు వంతుల మందికి అంతకుముందు కంటికి ఏదో ఒక దెబ్బ తగిలి ఉంది. వరి పొట్టు, మొక్కజొన్న ఆకు, సర్కారు తుమ్మ ముల్లు, ఆవు తోక విసురు వంటివి చూడటానికి చిన్న గాయాలే. కానీ ఆకుల మీద, మట్టిలో ఉండే బూజు ఆ గీతలోంచి కంట్లోకి దిగుతుంది. క్రిమిని గుర్తించగలిగిన కేసుల్లో దాదాపు సగం బూజు వల్ల వచ్చినవే. అందులో ముందు వరుసలో ఉన్నది ఫ్యుసేరియం అనే బూజు. చల్లని దేశాల్లో ఇలాంటి పుండ్లు ఎక్కువగా బాక్టీరియా వల్ల వస్తాయి. కాబట్టి అక్కడి పుస్తకాల్లోని వైద్యం మనకు యథాతథంగా సరిపోదు.

ఆ వెలితిని పూరించింది మన ఊరి పరిశోధనే. కరిసల్ నేలలోని వడమలాపురంలో 1918లో పుట్టిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో మదురైలో 11 మంచాలతో మొదలుపెట్టిన ఆసుపత్రి అరవింద్. తర్వాత అది తిరునెల్వేలి, కోయంబత్తూరు, పుదుచ్చేరికి విస్తరించింది. 2010 ఏప్రిల్ నుంచి 2011 డిసెంబరు వరకు ఈ ఆసుపత్రుల వైద్యులు అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ ఫ్రాన్సిస్కో వాళ్లతో కలిసి బూజు పుండు ఉన్న 323 మందిపై ఒక పరీక్ష చేశారు. సగం మందికి పాత మందు నాటామైసిన్, సగం మందికి కొత్త మందు వోరికొనజోల్ ఇచ్చారు. ఎవరికి ఏది పడుతుందో చీటీ వేసినట్టు నిర్ణయించారు.

కొత్త మందే గెలుస్తుందని ఆశించడం సహజం. వోరికొనజోల్ కార్నియా లోపలికి బాగా దిగుతుంది, ధర కూడా ఎక్కువ. నాటామైసిన్‌ను 1955లో దక్షిణాఫ్రికా మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి తీశారు. జున్ను మీద బూజు పట్టకుండా కూడా దీన్ని వాడతారు. ఇది నీళ్లలో సరిగా కరగదు. సీసాలో తెల్లని పొడి అడుక్కి దిగుతుంది, కంట్లో లోతుకు వెళ్లలేదు. అయినా 2013లో ఫలితాలు వచ్చేసరికి పాత మందే గెలిచింది. మూడు నెలల తర్వాత నాటామైసిన్ వాడినవాళ్లు చూపు పరీక్షించే అక్షరాల పట్టికలో సగటున సుమారు రెండు వరుసలు ఎక్కువ చదవగలిగారు. ఫ్యుసేరియం ఉన్నవాళ్లలో ఆ తేడా నాలుగు వరుసలు. కార్నియాకు చిల్లు పడటం, అత్యవసరంగా కార్నియా మార్చాల్సి రావడం కూడా వాళ్లలో తక్కువ. లోపలికి దిగడం ఒక్కటే చాలదు, ఆ బూజును చంపే శక్తి ఉండాలని ఈ పరీక్ష తేల్చింది.

దీనిలో ఇంటికి పనికొచ్చే చిన్న పాఠం ఒకటుంది. నాటామైసిన్ సీసాను ప్రతిసారీ బాగా కుదిపి వేసుకోవాలి. కుదపకపోతే పైనున్న నీళ్లే కంట్లో పడతాయి, మందు అడుగునే ఉండిపోతుంది. వైద్యం సరైనదే అయినా రోగి ఇంట్లో అది వృథా అవుతుంది.

తర్వాతి పరిశోధనలు కూడా ఇటే మొగ్గాయి. ముదిరిన పుండ్లున్న 240 మందికి చుక్కలతో పాటు వోరికొనజోల్ మాత్రలు ఇచ్చి చూసిన పరీక్ష ఫలితం 2016లో వచ్చింది. మొత్తం మీద మాత్రల వల్ల అదనపు మేలు కనబడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో నాటామైసిన్ చుక్కలను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. నేపాల్‌లో 354 మందిపై జరిగి 2022లో వెలువడిన పరీక్షలో, చవకైన క్లోర్‌హెక్సిడిన్ కన్నా నాటామైసినే మెరుగని తేలింది. ప్రపంచంలో ఏటా పది లక్షల మందికి పైగా ఈ బూజు పుండు వస్తోందని 2021 నాటి ఒక అంచనా. వాళ్లలో ఎక్కువమంది ఆసియా, ఆఫ్రికాల్లో పొలం పనులు చేసుకునేవాళ్లే.

ఇంత శాస్త్రం మన గుమ్మం ముందు ఉండి కూడా కళ్లు ఎందుకు పోతున్నాయి? ఒక ముఖ్య కారణం, ఆసుపత్రికి ముందు జరిగే ఆలస్యం. కన్ను ఎర్రబడగానే చాలామంది మెడికల్ షాపులో "కంటి చుక్కలు" అని అడిగి తెచ్చుకుంటారు. వాటిలో కొన్నింట్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. స్టెరాయిడ్ వాపును, ఎరుపును తగ్గిస్తుంది. ఒకటి రెండు రోజులు కన్ను నయమైనట్టే ఉంటుంది. కానీ బూజుతో పోరాడే శరీర బలాన్ని కూడా అది అణచివేస్తుంది. ఎరుపు పైకి తగ్గుతుంటే బూజు లోపల పెరుగుతుంది.

స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. కంటిశుక్లం ఆపరేషన్ తర్వాత వైద్యులే రాసిస్తారు, అప్పుడు మధ్యలో ఆపకూడదు. బాక్టీరియా పుండ్లలో దీని ప్రయోజనం ఎంతో తెలుసుకోవడానికి ప్రధానంగా అరవింద్‌లో, మొత్తం 500 మందితో ఒక పెద్ద పరీక్ష జరిగింది. అక్కడ కూడా ముందు ల్యాబులో బాక్టీరియా అని నిర్ధారించి, బూజు ఉన్నవాళ్లను పక్కన పెట్టి, రెండు రోజులు యాంటీబయాటిక్ వేసిన తర్వాతే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. అయినా మూడు నెలల తర్వాత చూపులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నిపుణులే అంత జాగ్రత్త తీసుకుని వేసే మందును, షాపు బల్ల దగ్గర నిలబడి ఎర్రకన్ను చూసి అమ్మడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? డాక్టరు చీటీ లేకుండా స్టెరాయిడ్ చుక్కలు అమ్మకూడదని చట్టమూ చెబుతోంది. దాన్ని అమలు చేయించడం ప్రభుత్వం పని. చీటీ లేకుండా అడగకపోవడం మన పని.

త్వరపడితే ఫలితం ఎలా ఉంటుందో కూడా మదురై పల్లెలే చూపించాయి. సుమారు 48 వేల జనాభా ఉన్న గ్రామాల్లో శిక్షణ పొందిన గ్రామ కార్యకర్తలు 18 నెలల పాటు కంటి గాయాలను వెంటనే పరీక్షించారు. కార్నియా గీసుకుపోయిన 374 మందికి మూడు రోజులు ఆయింట్‌మెంట్ వేస్తే 368 మందికి ఏ చిక్కూ లేకుండా మానింది. కొందరికి యాంటీబయాటిక్ ఒక్కటే, మిగతావాళ్లకు దానితో పాటు బూజు మందు కూడా ఇచ్చారు. రెండు వర్గాల ఫలితమూ దాదాపు ఒకటే. 2006లో వెలువడిన ఈ అధ్యయనంలో మందే ఇవ్వని వర్గం లేదు కాబట్టి మేలంతా మందుదే అని చెప్పలేం. అయినా దగ్గరలోనే మనిషి ఉండి, గాయాన్ని తొలి రోజుల్లోనే చూడటం సాధ్యమేనని ఇది రుజువు చేసింది.

మన బడులు చేయగలిగింది ఇక్కడే ఉంది. మన పిల్లలు తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడూ చదవగలరు. సీసా మీద ఇంగ్లీషు, షాపులో తమిళం, ఇంట్లో అవ్వా తాతలతో తెలుగు. ఈ మూడింటి మధ్య వారధి మన ఇంటి పిల్లే. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్, ఫ్లోరోమెథలోన్ వంటి పేర్లు సీసా మీద కనిపిస్తే అది స్టెరాయిడ్ అని ఏడో తరగతి పిల్లవాడు గుర్తుపట్టగలడు. "సోన్", "లోన్" అని ముగిసే పేర్లు గమనించమంటే చాలు. అన్ని స్టెరాయిడ్ల పేర్లూ అలా ముగియవు కాబట్టి, అనుమానం ఉన్న ప్రతి సీసాను డాక్టరుకు చూపించాలి.

సైన్సు పీరియడ్‌లో ఒక్క గంట, తల్లిదండ్రుల సమావేశంలో పది నిమిషాలు కేటాయిస్తే ఈ నాలుగు మాటలు తెలుగులో చెప్పవచ్చు. కంట్లో నలుసు పడితే నలపకుండా శుభ్రమైన నీటితో కడగాలి. గుచ్చుకున్నదాన్ని ఇంట్లో పీకకూడదు, నాలుకతో తీయించకూడదు, ఆకు పసరు, ఆముదం పోయకూడదు. సున్నం, యాసిడ్ వంటివి పడితే కనీసం పావుగంట నీళ్లతో కడుగుతూ ఉండి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పి, ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం, తెల్లమచ్చ, వీటిలో ఏది ఉన్నా షాపుకు కాదు, ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

పొలానికి వెళ్లే తాతకు, లేత్ మీద పనిచేసే నాన్నకు ఈ మాట చేరవేసేది బడికొచ్చే పిల్లలే. కార్నియా మీద ఒకసారి పడిన మచ్చను ఏ చుక్కల మందూ చెరిపేయలేదు. దాన్ని పడకుండా ఆపే వ్యవధి కొద్ది రోజులే. ఆ కొద్ది రోజుల్లో ఇంట్లో ఎవరో ఒకరికి విషయం తెలిసి ఉండాలి.