ఆ శనివారం ల్యాబ్ ఎందుకు మూశాం?

గత నెల మూడో శనివారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి సాయంత్రం ఐదింటి వరకు మన కంప్యూటర్ ల్యాబ్‌కు తాళం పడింది. పేరెంట్ యాప్ కూడా దాదాపు గంటసేపు తెరుచుకోలేదు. ఆ గంటలో మా ఆఫీసు ఫోన్ ఆగకుండా మోగింది. ఫీజు కట్టడానికి అదే ఆఖరి రోజని ఒకాయన గుర్తుచేశారు. బస్సు ఎక్కడుందో యాప్‌లో కనబడక స్టాప్‌లో ఎండలో నిలబడిపోయానని ఒకావిడ బాధపడ్డారు. తొమ్మిదో తరగతి బాబు తండ్రి మాత్రం సూటిగా అడిగారు: "ఇంతింత ఫీజులు తీసుకుంటూ ప్రాక్టికల్స్ ముందు ల్యాబ్ మూస్తారా? అప్‌డేట్ అంటే రాత్రి పడుకునేముందు ఫోన్‌లో నొక్కి వదిలేసేదేగా!"

మన బ్రాంచీల కంప్యూటర్లు, సర్వర్లు చూసుకునే పని నాది. ఆయనకు ఆ పూట సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను, చేతినిండా పని ఉండి. ముందుగా మా తప్పు ఒప్పుకుంటాను. ల్యాబ్ మూస్తామన్న మెసేజ్ మీకు శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి వచ్చింది. అది వారం ముందే రావాలి. ఫీజు గడువు రోజునే యాప్ ఆపడం ఇంకా పెద్ద పొరపాటు. కానీ మూయడం మాత్రం తప్పు కాదు. నా మాటగా చెప్పాలంటే, మూసినందుకు మమ్మల్ని నిలదీయకండి. ఏ నెలైనా మూయకపోతే నిలదీయండి.

ఎందుకంటారా? ఆ పూట మేం మార్చినవాటిలో ముఖ్యమైనవి మానిటరింగ్ సాఫ్ట్‌వేర్లు. మన దగ్గర ఇవి రెండు రకాలు. ఒకటి సర్వర్లను కనిపెట్టుకుని ఉంటుంది. ఏ డిస్కు నిండిపోవస్తోంది, ఏ బ్రాంచిలో నెట్ పోయింది, ఏ సర్వర్ ఉన్నట్టుండి వేడెక్కింది అన్నది రాత్రి రెండింటికైనా నాకు మెసేజ్ పెడుతుంది. రెండోది ల్యాబ్‌లో పిల్లల స్క్రీన్లను చూసేది. టీచర్ తన కుర్చీలోంచి కదలకుండా క్లాసు మొత్తం ఏం చేస్తోందో ఒకే తెర మీద చూడొచ్చు. ఎవరైనా పాఠం వదిలేసి గేమ్ తెరిస్తే ఆ కంప్యూటర్‌ను అక్కడి నుంచే లాక్ చేయొచ్చు.

రెండూ కాపలా పనులే. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను ఒకసారి తలుచుకోండి. ఎవరు ఊరెళ్లారో, ఎవరి తాళంచెవి ఎవరింట్లో ఇచ్చారో, మోటారు ఎప్పుడు వేయాలో, అన్నీ ఆయనకు తెలుసు. అంత తెలుసు కాబట్టే మనకు అంత నిశ్చింత. అదే కారణంగా, ఆయన గది తలుపుకు గడియ సరిగ్గా పడకపోతే ప్రమాదం ఒక్క ఫ్లాట్‌కు కాదు, అందరికీ. మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ సంగతీ ఇంతే. అది అన్ని కంప్యూటర్లలోకీ తొంగిచూడగలదు, చాలాచోట్ల పూర్తి అధికారాలతో నడుస్తుంది. దాంట్లో లోపం ఉంటే దొంగ ఒక్కొక్క తలుపూ తట్టక్కర్లేదు.

ఇది ఊహించి భయపెట్టే మాట కాదు. నెటాప్ విజన్ ప్రో అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ల్యాబ్‌లో టీచర్ పిల్లల స్క్రీన్లు చూడటానికి చాలా దేశాల్లో స్కూళ్లు దాన్ని వాడాయి. (మనం వాడేది అది కాదు.) 2020లో మెకాఫీ సంస్థ పరిశోధకులు దాన్ని ఒక ఉత్తుత్తి క్లాస్‌రూమ్‌లో పెట్టి పరీక్షించారు. టీచర్ కంప్యూటర్‌కూ పిల్లల కంప్యూటర్లకూ మధ్య నడిచే సమాచారం ఏ రహస్య సంకేతమూ లేకుండా, పోస్టుకార్డు మీద రాసినట్టు వెళ్తోందని తేలింది. పిల్లల స్క్రీన్ల బొమ్మలూ అలాగే పోతున్నాయి, టీచర్ ఇచ్చే విండోస్ పాస్‌వర్డ్ కూడా అలాగే పోతోంది. అంతకంటే దారుణం, అదే నెట్‌వర్క్‌లో ఉన్న మరో కంప్యూటర్ "నేనే టీచర్‌ని" అని నటిస్తే పిల్లల కంప్యూటర్లు నమ్మేశాయి. అలా నమ్మించినవాడు ఆ కంప్యూటర్‌ను పూర్తిగా తన చేతిలోకి తీసుకోగలడు. చేతిలోకి వచ్చాక వెబ్‌క్యామ్, మైకు కూడా వాడివే.

అది కోవిడ్ కాలం అని గుర్తుంచుకోండి. స్కూలు ల్యాప్‌టాప్‌లు ఇళ్లకు వెళ్లాయి. ల్యాబ్ గోడల మధ్య ఉండాల్సిన సాఫ్ట్‌వేర్ పిల్లల పడకగదిలోకి, కాఫీ షాపు వైఫైలోకి వెళ్లింది.

పరిశోధకులు ఆ సంగతి ముందు కంపెనీకి చెప్పారు, 2020 డిసెంబరులో. కంపెనీ 2021 ఫిబ్రవరిలో 9.7.2 వెర్షన్ విడుదల చేసింది. ఆ తర్వాతే, మార్చిలో, లోపాల వివరాలు లోకానికి తెలిశాయి. మందు తయారయ్యాకే జబ్బు సంగతి బయటపెట్టడం ఈ రంగంలో మర్యాద. అయితే ఈ మర్యాదలో ఒక మెలిక ఉంది. వివరాలు బయటికొచ్చిన రోజున అప్‌డేట్ వేసుకున్న స్కూలుకు కలిగే మేలు ఎంతో, వేసుకోని స్కూలుకు కలిగే ముప్పు అంత. తలుపు ఎక్కడ వదులుగా ఉందో అప్పటిదాకా కొద్దిమందికే తెలుసు, ఆ రోజు నుంచి అందరికీ తెలుసు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ వెర్షన్‌లో పాస్‌వర్డ్‌ను రహస్య సంకేతంలోకి మార్చారు గానీ, స్క్రీన్ల బొమ్మలు మాత్రం అప్పటికి ఇంకా బహిరంగంగానే వెళ్లాయి. అంటే ఒక్కసారి అప్‌డేట్ వేసి చేతులు దులుపుకుంటే సరిపోదు. తర్వాతిది కూడా వేయాలి, ఆ తర్వాతిదీ వేయాలి.

సర్వర్లను చూసే సాఫ్ట్‌వేర్లకూ ఇదే కథ. కాక్టై అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. నెట్‌వర్క్‌లో ఎక్కడ ఎంత రద్దీ ఉందో గ్రాఫులు గీసి చూపిస్తుంది. దాంట్లో ఒక పెద్ద లోపం 2022 డిసెంబరులో బయటపడింది. ఉత్తరం కవరు మీద "ఇంట్లోవాళ్ల నుంచే" అని రాసుకొస్తే గేటు తీసేసే వాచ్‌మన్ ఉంటే ఎలా ఉంటుంది? అచ్చం అలాంటిది. బయటి నుంచి వచ్చేవాడు తాను సర్వరేనని చెప్పుకుంటే, పాస్‌వర్డ్ అడగకుండానే వాడి ఆదేశాలు నడిచిపోయేవి. తీవ్రతకు పదికి 9.8 మార్కులు పడ్డాయి. మన పిల్లలకు వస్తే సంతోషించాల్సిన మార్కులే, ఇక్కడ మాత్రం కాదు. సరిచేసిన వెర్షన్ సిద్ధంగానే ఉంది. అయినా 2023 జనవరిలో సెన్సిస్ అనే సంస్థ ఇంటర్నెట్‌లో వెతికితే 6,427 చోట్ల కాక్టై కనబడింది. అందులో సరిచేసిన వెర్షన్ అని తేలినవి 26. వెర్షన్ ఏదో బయటికి కనిపించనివి చాలా ఉన్నాయి కాబట్టి అసలు లెక్క కొంత మెరుగ్గా ఉండొచ్చు. ఎంత మెరుగనుకున్నా గర్వపడే లెక్క కాదు. దాడులు ఆ నెలలోనే మొదలయ్యాయి.

ఇక్కడ ప్యాకేజీ అంటే ఏమిటో చెప్పాలి, ఎందుకంటే మీరు పేరెంట్స్ మీటింగ్‌లో అడగాల్సిన ప్రశ్న దాంట్లోనే ఉంది. మన సర్వర్లలో చాలావరకు లినక్స్ మీద నడుస్తాయి. అక్కడ సాఫ్ట్‌వేర్ విడివిడి ముక్కలుగా రాదు. మూటగట్టి, ఇది పనిచేయాలంటే ఇంకా ఏమేం కావాలో జాబితా జతచేసి, డిజిటల్ సంతకంతో సీలు వేసి ఒక గోదాములో పెడతారు. ఆ మూటే ప్యాకేజీ. మా సర్వర్ ఆ గోదామును అడిగి, సీలు సరిచూసుకుని, కొత్త మూట విప్పుకుంటుంది. డెబియన్, ఉబుంటు లాంటి సంస్థలు ఈ గోదాములు నడుపుతాయి.

వాళ్లు ఒక మంచి పని చేస్తారు. కొత్త వెర్షన్ మొత్తం మీ నెత్తిన పెట్టకుండా, పాత వెర్షన్‌కే ఆ లోపం ఉన్న చోట మాత్రం మరమ్మతు చేసి పంపుతారు. కాక్టై విషయంలో డెబియన్ అలాగే చేసింది. డెబియన్ 11లో ఉన్నది పాత 1.2.16 వెర్షనే, కానీ డిసెంబరులోనే మరమ్మతు చేసిన ప్యాకేజీ వచ్చేసింది. పాత చొక్కాకు చిరుగు కుట్టించుకోవడం లాంటిది. అందుకే "మీ దగ్గర లేటెస్ట్ వెర్షన్ ఉందా" అని అడిగితే మీకు తప్పుడు జవాబు రావచ్చు. "సెక్యూరిటీ అప్‌డేట్లు ఆఖరిసారి ఏ తేదీన వేశారు" అని అడగండి. తేదీ చెప్పలేకపోతే మీకు అసలు జవాబు దొరికినట్టే.

మరి ఈ మరమ్మతు రాత్రికి రాత్రే నొక్కి పడుకోవచ్చుగా అంటే, ఆ తండ్రి గారి ప్రశ్నలో న్యాయం ఉంది. నొక్కి పడుకుంటే ఏమవుతుందో 2024 జులై 19న లోకమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలితెర చూపించి కూలబడ్డాయి. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసి ఇచ్చారు. ఆ ఫొటో మీ వాట్సాప్‌కూ వచ్చే ఉంటుంది. అది కూడా కంప్యూటర్లను కాపలా కాసే సాఫ్ట్‌వేరే.

అంతకుముందు 2020లో ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. సోలార్‌విండ్స్ కంపెనీ వారి ఓరియన్ అనే నెట్‌వర్క్ మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ తయారవుతున్న చోటులోకే చొరబడి, అప్‌డేట్‌లోనే విషం కలిపారు. సీలు అసలుదే, లోపలి సరుకు మాత్రం కల్తీ. దాదాపు 18,000 సంస్థలు దాన్ని వేసుకున్నాయి. నెలల తర్వాత, డిసెంబరులో గానీ సంగతి బయటపడలేదు.

ఈ రెండూ చూసి "అప్‌డేట్లే వద్దు" అనేవారు మా వృత్తిలోనూ ఉన్నారు. నేను ఒప్పుకోను. కల్తీ మందు దొరికిందని మందులే మానేయం కదా. అలాంటి ఘటనలు అరుదు. అప్‌డేట్ వేయక దెబ్బతినడం మాత్రం నిత్యం జరిగేది. 2017 మే నెలలో వన్నాక్రై వైరస్ ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలోకి కూడా దూరిందని మీకు గుర్తుండవచ్చు. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే మరమ్మతు ఇచ్చింది. వైరస్ విరుచుకుపడింది మే 12న. మధ్యలో రెండు నెలల వ్యవధి ఉంది.

కాబట్టి మేం ఎంచుకున్నది మధ్యేమార్గం. ముందు ఒకే ఒక్క కంప్యూటర్ మీద వేసి చూస్తాం. సర్వర్ అయితే బ్యాకప్ తీసుకుంటాం. టీచర్ స్క్రీన్ పనిచేస్తోందా, ప్రింటర్ పలుకుతోందా, ఫీజు రసీదు వస్తోందా అని సరిచూసుకుని, అప్పుడు ఒక వరుస, తర్వాత ఇంకో వరుస. దీనికే నాలుగు గంటలు పడుతుంది. పిల్లలు ప్రాక్టికల్ చేస్తుండగా ఇది చేయలేం.

రోజు ఎందుకు శనివారం అన్నదానికీ లెక్క ఉంది. మైక్రోసాఫ్ట్ ప్రతినెలా రెండో మంగళవారం తన మరమ్మతులు విడుదల చేస్తుంది. మనకు అది మంగళవారం రాత్రి. ఆ తర్వాత వచ్చే శనివారం మేం వేస్తాం. కొన్ని నెలల్లో అది రెండో శనివారం అవుతుంది, స్కూలుకు సెలవు, ఎవరికీ తెలియదు. కొన్ని నెలల్లో మూడోది అవుతుంది, అప్పుడు నాకు ఫోన్లు వస్తాయి. మరీ ప్రమాదకరమైన లోపం బయటపడితే మాత్రం శనివారం దాకా ఆగం.

ఒక ఇంటి గుట్టు కూడా చెబుతాను. అప్‌డేట్లకు అసలు అడ్డం బయటివాళ్లు కాదు, మన క్యాలెండరే. యూనిట్ టెస్టులు, ఒలింపియాడ్, ఫౌండేషన్ క్లాసులు, ప్రీ-ఫైనల్స్, యాన్యువల్ డే. "ఇదొక్కటీ అయిపోయాక చేద్దాం సార్" అన్నమాట నేను ఏటా వింటాను. ఆ ఒక్కటీ ఎప్పుడూ అయిపోదు. ఈ వాయిదా వెనక మీరు కూడా ఉన్నారు, కోప్పడకండి. ల్యాబ్ మూస్తే వచ్చే ఫోన్లకు ప్రిన్సిపాల్ గార్లు జంకుతారు. మీరు మూయమని అడిగితే ఆ జంకు పోతుంది.

అడిగే హక్కు మీకు ఉంది. మీ పిల్లల ఫొటో, పుట్టినతేదీ, ఆరోగ్య వివరాలు, బస్సు ఎక్కే చోటు, మీ ఫోన్ నంబరు అన్నీ మా సర్వర్లలో ఉన్నాయి. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. డేటాను తగిన భద్రతతో ఉంచకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానాకు వీలు కల్పించింది. జరిమానా మాట అటుంచండి. స్కూలు బస్సు మీ పాప కోసం ఏ మలుపులో, ఎన్ని గంటలకు ఆగుతుందో తెలియనివాడి చేతిలో పడటం ఏ జరిమానాతోనూ సరిపోదు.

కంప్యూటర్ల వయసు కూడా అడగండి. విండోస్ 10కు మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. కొత్త ప్రొజెక్టర్, కొత్త స్మార్ట్ బోర్డు ఫొటోలో బాగా పడతాయి. పాత కంప్యూటర్లు మార్చడం ఫొటోలో పడదు. నన్నడిగితే ముందు రెండోదానికే డబ్బు పెట్టాలి.

ఒక జాగ్రత్త మీ వైపు నుంచి కావాలి. "స్కూలు యాప్ అప్‌డేట్", "మార్కుల మెమో" అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లను ఎవరు పంపినా తెరవకండి, క్లాసు గ్రూపులో వచ్చినా సరే. మన యాప్ అప్‌డేట్లు ప్లే స్టోర్, యాప్ స్టోర్ నుంచి మాత్రమే వస్తాయి. పొరపాటున ఇన్‌స్టాల్ చేసి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి, తర్వాత మాకు చెప్పండి.

అకౌంట్స్ విభాగంతో మాట్లాడాను. ఈ నెల నుంచి ఫీజు గడువు అప్‌డేట్ శనివారం రోజున పడదు. మూసే తేదీలు వచ్చే టర్మ్ మొత్తానికి పిల్లల డైరీ వెనక పేజీలో అచ్చయి ఉంటాయి. ఆ మధ్యాహ్నం బస్సు యాప్‌లో కనబడకపోతే అదే పేజీ కింద రూటువారీగా బస్ ఇన్‌ఛార్జి నంబర్లు ఉన్నాయి. ప్రాక్టికల్ పోయిన తొమ్మిదో తరగతి సెక్షన్‌కు వచ్చే బుధవారం ఎనిమిదో పీరియడ్ ల్యాబ్ ఇచ్చాం.