నర్సు ఉద్యోగానికి ఒకటో తరగతి సర్టిఫికెట్!

గద్వాల చుట్టుపక్కల ఏ ఊరికెళ్లినా సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్ పనిచేసే అమ్మాయిలు కనిపిస్తారు. సాయంత్రం మొగ్గలు వలిచి, పొద్దున్నే వాటికి పుప్పొడి అద్దడం... సీజనంతా అదే పని. అలాంటి ఇంట్లో ఒకమ్మాయి ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసైతే ఆ తర్వాతేంటి? డాక్టరు చదువుకు నీట్ అడ్డం. నర్సింగ్ చదివిద్దామంటే ఒకప్పుడు కర్నూలుకో, రాయచూరుకో, హైదరాబాద్‌కో పంపాలి. హాస్టలు ఖర్చు తలచుకుని చాలామంది తల్లిదండ్రులు చదువు అక్కడితో ఆపించేసేవారు.

ఇప్పుడు ఆ దూరం తగ్గింది. 2016లో పాలమూరు జిల్లా నుంచి విడివడ్డ వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ప్రభుత్వ నర్సింగ్ కాలేజీలూ వచ్చాయి. మెడికల్ కాలేజీ అంటే డాక్టర్ల సంగతే అనుకుంటారు అందరూ. నిజానికి అది తెచ్చే కొలువుల్లో నర్సులవే పెద్ద వాటా. బోధనాసుపత్రి జనరల్ వార్డులో మూడు పడకలకు ఒక నర్సు, ఐసీయూలో పడకకొకరు ఉండాలన్నది నర్సింగ్ కౌన్సిల్ లెక్క.

ఏ కోర్సు చదివితే ఏమవుతారన్నది ముందే తెలుసుకోవాలి. రెండేళ్ల ఏఎన్ఎం శిక్షణ పొందినవాళ్లకు సబ్ సెంటర్లలో, పల్లె దవాఖానాల్లో పని. ఆసుపత్రి వార్డులో నర్సింగ్ ఆఫీసర్ (నిన్నమొన్నటిదాకా స్టాఫ్ నర్సు అనేవారు) కావాలంటే మూడేళ్ల జీఎన్ఎం గానీ, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ గానీ ఉండాలి. బీఎస్సీ సీట్లను వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం భర్తీ చేస్తుంది. ప్రభుత్వ కాలేజీల్లో స్టైపెండును 2021లో బాగా పెంచారు. మొదటి ఏడాది నెలకు 1,500 రూపాయలున్నది 5,000 అయింది. కూలి ఇంటికి అది చిన్న మొత్తమేం కాదు.

ఇక ఉద్యోగాలు. 2022 డిసెంబరు చివర్లో రాష్ట్ర మెడికల్ బోర్డు 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు ప్రకటన ఇచ్చింది. తర్వాత సంఖ్య ఏడు వేలకు చేరువైంది. 2024 జనవరి 31న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలిచ్చారు. అదే ఏడాది సెప్టెంబరులో మరో 2,050 పోస్టులు. మూలవేతనం 36,750 రూపాయలతో మొదలు. నేత మగ్గం ఉన్న ఇంట్లోనైనా, పత్తి చేను ఉన్న ఇంట్లోనైనా ఇలా నెలనెలా వచ్చే జీతం మరొకటి కనబడదు.

అయితే మార్కుల లెక్కలో చాలామంది గమనించని మెలిక ఉంది. వందలో 80 పరీక్షకు. మిగతా 20 ప్రభుత్వాసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో చేసిన సర్వీసుకు. ఆరు నెలలకు 2 పాయింట్లు, గిరిజన ప్రాంతమైతే రెండున్నర. అంటే మైదాన ప్రాంతంలో అయిదేళ్లు చేస్తే వచ్చే 20 పాయింట్లు నల్లమల గిరిజన గూడేల దగ్గర నాలుగేళ్లకే వస్తాయి. ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో పదేళ్లు పనిచేసినా ఒక్క పాయింటూ రాదు. కోర్సు కాగానే ఇంటి దగ్గరుందని చిన్న ఆసుపత్రిలో చేరిపోయే అమ్మాయి పోగొట్టుకునేది ఇదే. పైగా అక్కడి జీతాల సంగతి తెలిసిందే. సుప్రీంకోర్టు ఆదేశంపై 2016లో వేసిన కేంద్ర కమిటీ యాభైలోపు పడకలున్న ప్రైవేటు ఆసుపత్రిలోనూ నర్సుకు కనీసం 20,000 ఇవ్వాలని చెప్పింది. జిల్లా కేంద్రాల్లో ఆ మాట అడిగే ధైర్యం ఎందరికుంటుంది?

విదేశాల మాటా వినబడుతోంది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ భాష నేర్పి అక్కడి ఆసుపత్రులకు పంపుతోంది. భాష వంటబట్టడానికే నెలలు పడుతుంది. ఓపికుంటే మంచి దారే.

చేరేముందు ఒకటి చూసుకోవాలి. కాలేజీకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా, చదువయ్యాక తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్లో పేరు నమోదవుతుందా అని. పక్క రాష్ట్రంలో సీటు ఇప్పిస్తామనే ఏజెంట్ల మాట విని డబ్బు కట్టే తల్లిదండ్రులు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఈ నమోదు లేకపోతే చేతిలో ఏ సర్టిఫికెట్ ఉన్నా పోస్టుకు అర్హత లేదు.

చివరి మెలిక పాలమూరు బిడ్డలకే ఎక్కువ తగులుతుంది. ఈ పోస్టులు జోన్లవారీగా ఉంటాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్, నారాయణపేట కలిసి జోగులాంబ జోన్. 95 శాతం పోస్టులు స్థానికులకే. స్థానికులంటే ఎవరు? ఇంటర్ ఎక్కడ చదివారన్నది లెక్కలోకి రాదు. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివారో చూస్తారు. తల్లిదండ్రులు బిల్డింగ్ పనులకు హైదరాబాద్ వలసెళ్లి, పిల్లను అక్కడి బడిలోనే వేసి ఉంటే ఆ అమ్మాయి కాగితం మీద చార్మినార్ జోన్ మనిషి. ఓటు, ఇల్లు, పొలం అన్నీ గద్వాలలోనే ఉన్నా సరే! అవ్వాతాతల దగ్గర ఉండి ఊరి బడికెళ్లిన పిల్లకు మాత్రం జోగులాంబ జోన్ దక్కుతుంది. ఆ బోనఫైడ్ కాగితాలు ఇచ్చేది ఊళ్లోని ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరే. నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తే బదులు వేసవి సెలవులకు ముందే వెళ్లి తెచ్చుకుని దాచుకుంటే ఓ పని అయిపోతుంది.