అధ్యక్షుల యపకీర్తి - ప్రజల తీర్పు

ప్రజాస్వామ్యమున ప్రజాభిప్రాయమును మించిన న్యాయస్థానము లేదను మాట తఱచుగా వినబడుచుండును. ఈ మాట సగము మాత్రమే నిజము. పాలకులను నియమించు నధికారము ప్రజలది. తొలగించు నధికారమును వారిదే. కాని లంచము చేతులు మాఱినదా లేదా, దొంగతనము జరిగినదా లేదా యను ప్రశ్నకు వోట్ల లెక్క సమాధానము చెప్పజాలదు. ప్రజలు మెచ్చిన నాయకుని తప్పులను వెదకుట ప్రజలనే యవమానించుట యని వాదించువారు ప్రతి దేశమునందును గలరు. అమెరికా అధ్యక్షుల చరిత్రము ఈ వాదమునకు తగిన ప్రత్యుత్తర మిచ్చుచున్నది. మన పాఠకులు దానిని శ్రద్ధతో పరిశీలింతురు గాక.

1923 ఆగస్టు 2వ తేదీన అధ్యక్షుడు వారెన్ హార్డింగు సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఆకస్మికముగా మరణించెను. ఆయన భౌతికకాయమును గొనిపోవు రైలుబండి దేశమున కడ్డముగా సాగిపోవుచుండగా, దారిపొడవునను జనులు గుంపులు గుంపులుగా నిలిచి శోకించిరి. ఆనాడు ప్రజల నడిగినచో, సజ్జనుడగు పాలకుడు పోయెనని చెప్పియుందురు. కాని యప్పటికే నౌకాదళము నిమిత్తము నిలువయుంచిన చమురుభూములు పరహస్తగతములై యుండెను. ప్రభుత్వభూముల శాఖను ఏలుచుండిన మంత్రి ఆల్బర్టు ఫాలు 1922లో వయోమింగు రాష్ట్రమునందలి టీపాట్ డోము భూమిని హారీ సింక్లెయరునకును, కాలిఫోర్నియాయందలి ఎల్కుహిల్సు భూమిని ఎడ్వర్డు డొహీనీకిని, పోటీ పిలువకయే కౌలున కిచ్చెను. అంతకు ముందే డొహీనీ యొక సంచిలో లక్ష డాలర్ల నోట్లు పెట్టి ఫాలుకు బంపియుండెను. దానికి అప్పని పేరు.

ఈ గుట్టును బయట బెట్టినది ప్రజల కోపము కాదు. మొంటానా రాష్ట్రపు సెనేటు సభ్యుడగు థామస్ వాల్షు నెలల తరబడి కాగితములను తిరుగవేసి, 1923 అక్టోబరు మొదలుకొని సాక్షులను బిలిచి ప్రశ్నించెను. అపవాదులు వెదకువాడని యతనిని పెక్కు పత్రికలు నిందించెను. 1924 జనవరిలో డొహీనీ స్వయముగా లక్ష డాలర్ల సంగతి యొప్పుకొనిన పిమ్మట నా నింద తగ్గినది. 1927లో సుప్రీముకోర్టు ఆ కౌళ్లను రద్దు చేసెను. 1929లో ఫాలు లంచగొండియని రుజువై, 1931లో చెఱసాలకు బోయెను. పదవిలో నుండగా జేసిన నేరమునకై చెఱసాల కేగిన మొదటి అమెరికా మంత్రి అతడే.

ఇంత జరిగినను, 1924 నవంబరు ఎన్నికలలో హార్డింగు పక్షమువాడే యగు కాల్విను కూలిడ్జి సులభముగా గెలిచెను. ప్రజలు లంచమును మెచ్చిరని దీనికి అర్థము చెప్పరాదు. కూలిడ్జి ఉభయపక్షములనుండియు నొక్కొక్క న్యాయవాదిని ఏర్పఱచి వ్యవహారమును కోర్టుల కప్పగించెను. దేశమున వ్యాపారమును బాగుగానే యుండెను. ప్రజలు వీనినన్నిటిని కూడి లెక్కవేసి యొక వోటు వేసిరి. వోటనునది యనేక ప్రశ్నలకు గలిపి యిచ్చు నొకే సమాధానము. దానిని దీసికొని, ఫాలు నిర్దోషియని కాని దోషియని కాని నిర్ణయించుట యెట్లు?

ఏబదియేండ్లు గడచిన పిదప ఇదే ప్రశ్న మఱింత తీవ్రముగా లేచినది. 1972 జూను 17వ తేదీ తెల్లవాఱుజామున, వాషింగ్టను నగరమున వాటర్‌గేటు భవనములోని డెమొక్రాటిక్ పార్టీ కార్యాలయమున దొంగతనముగా జొచ్చిన యైదుగురు పట్టుబడిరి. వారిలో నొకడగు జేమ్సు మెకార్డు, అధ్యక్షుడు రిచర్డు నిక్సను పునరెన్నికకై యేర్పడిన సంఘమున నుద్యోగి. వాషింగ్టను పోస్టు పత్రికవారు విడువక వ్రాయుచునే యుండిరి. అయినను నవంబరులో నిక్సను 50 రాష్ట్రములలో 49 గెలుచుకొనెను. వోటు వేసిన వారిలో నూటికి 60 మందికి పైగా ఆయన పక్షముననే నిలిచిరి. ప్రజాభిప్రాయమే తుదితీర్పైనచో వాటర్‌గేటు కథ ఆనాటితోనే ముగిసియుండవలెను.

అది ముగియలేదు. సాక్షులు అబద్ధము లాడిరనియు, నోరు మూసికొనుడని నిందితులపై నొత్తిడి జరిగినదనియు మెకార్డు వ్రాసిన లేఖను 1973 మార్చిలో న్యాయమూర్తి జాన్ సిరికా బహిరంగముగా జదివెను. మే నెలలో సామ్ ఎర్విను నాయకత్వమున సెనేటు సంఘము విచారణ మొదలిడగా, ప్రజలు తమ యిండ్ల గూర్చుండి టెలివిజనులో దానిని చూచిరి. అధ్యక్షుని కార్యాలయమున జరుగు సంభాషణలు రహస్యముగా టేపులకెక్కుచున్నవని జూలైలో తెలిసినది. ఆ టేపులను కోరిన ప్రత్యేక ప్రాసిక్యూటరు ఆర్చిబాల్డు కాక్సును తొలగింపుమని అక్టోబరు 20వ తేదీన నిక్సను ఆజ్ఞాపించెను. అటార్నీ జనరలు ఎలియట్ రిచర్డుసను ఆ పని చేయజాలక పదవిని వదలుకొనెను. ఆయన క్రిందివాడగు విలియం రకల్సుహౌసును నిరాకరించెను. 1974 జూలై 24వ తేదీన సుప్రీముకోర్టు న్యాయమూర్తులు ఎనిమిదిమంది టేపుల నప్పగింపవలసినదని ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. ఆ యెనిమిదిమందిలో మువ్వురు నిక్సను నియమించినవారే. ఆగస్టు 9వ తేదీన నిక్సను పదవిని వీడెను.

ప్రజాభిప్రాయమును లెక్కగట్టు గాలప్ సంస్థవారి పరిశీలనలో, 1973 జనవరిలో నిక్సను పాలనను మెచ్చినవారు నూటికి 67 మంది. 1974 ఆగస్టు నాటికి 24 మంది. ధరల పెరుగుదలయు, 1973 చివరను వచ్చిన చమురు కఱవును ఆయన పలుకుబడిని గొంత తగ్గించిన మాట నిజమే. అయినను, ఆ యేడాదిన్నరలో నిక్సను స్వభావము మాఱలేదు. నేరమును గ్రొత్తది కాదు. ప్రజల యెదుట నుంచబడిన సాక్ష్యము మాఱినది. ప్రజాభిప్రాయము నిద్రించుచున్న వేళ మేల్కొనియుండినవారు కొందఱు న్యాయమూర్తులు, కొందఱు విలేఖరులు, ఇద్దఱు ముగ్గు రుద్యోగులు. వారును ప్రజల మెప్పును చూచి నడచియున్నచో, ప్రజలకు మేల్కొనుటకు హేతువే లేకపోయెడిది.

తెలిసిన పిదపను ప్రజలు క్షమించిననో యని కొందఱు ప్రశ్నింతురు. ఇది న్యాయమైన ప్రశ్న. 1998 డిసెంబరు 19వ తేదీన ప్రతినిధిసభ బిల్ క్లింటనును అభిశంసించెను. ఆ దినములలోనే ఆయనను మెచ్చువారి సంఖ్య గాలప్ లెక్కలో నూటికి 73కు జేరెను. 1999 ఫిబ్రవరిలో సెనేటు ఆయనను విడిచిపెట్టెను. ప్రజలు గృహచ్ఛిద్రమును, ప్రజాద్రోహమును వేఱుచేసి చూచిరి. అందు వివేకము లేదని మేమనము. కాని ప్రమాణము చేసి యసత్యమాడుట గృహవిషయము గాదు. అందుచేతనే 1999 ఏప్రిలులో ఫెడరలు న్యాయస్థానము ఆయనను కోర్టుధిక్కార దోషిగా నిర్ణయించెను. ప్రజల మెప్పు ఆయన పదవిని నిలిపినది; ఆ నిర్ణయమును మాత్రము ఆపలేకపోయినది.

2024 మే 30వ తేదీన న్యూయార్కు జూరీవారు డోనాల్డు ట్రంపును, వ్యాపారపు లెక్కలను తప్పుగా వ్రాయించిన 34 అభియోగములందును దోషిగా నిర్ణయించిరి. ఆ నవంబరులోనే ప్రజలాయనను తిరిగి యధ్యక్షునిగా నెన్నుకొనిరి. ఎన్నికను జూపి జూరీ తీర్పు కొట్టుపడినదనుట యెంత తప్పో, జూరీ తీర్పును జూపి ఎన్నిక చెల్లదనుటయు నంతే తప్పు. రెండును వేర్వేఱు ప్రశ్నలకు వచ్చిన సమాధానములు.

ఈ రెంటిని గలిపివేయుటవలన గలుగు ప్రమాద మొక వైపునకే పరిమితము కాదు. మెప్పు పొందినవాడు ఏమి చేసినను నిర్దోషి యగును. మెప్పు గోల్పోయినవాడు ఏమియు జేయకయే దోషి యగును. నేడు మన యభిమాన నాయకుని గాపాడిన గుంపుకేకలే రేపు మన పక్షమున నొక నిరపరాధిని బలిగొనును. న్యాయస్థానములు తప్పు చేయవని కాదు. ఫాలు పుచ్చుకొన్న లంచమును తానిచ్చెనను నభియోగమున డొహీనీ 1930లో నిర్దోషిగా విడుదలయ్యెను. కాని కోర్టు తప్పును కాగితములు ముందుంచి మరల విమర్శింపవచ్చును. కేకలకు కాగితములు లేవు.

కావున ప్రజాభిప్రాయమును గౌరవించువారు దానికి చేయదగిన మొదటి సేవ ముఖస్తుతి కాదు; నిజమును సకాలమున దాని కందించుట. సాక్షులను బిలువగల శాసనసభా సంఘములు, నియమించినవానికి వ్యతిరేకముగనైనను తీర్పు చెప్పగల న్యాయమూర్తులు, చదువువారు తక్కువైనను వ్రాయుట మానని పత్రికలు - ఈ మూడింటిలో నేదైన బలహీనపడినప్పుడు, అది మనకు ప్రియమైన నాయకుని పేరిట జరిగినను, ప్రజలు ప్రతిఘటింపవలెను. ఒక నాయకునిపై నభియోగము వచ్చినపుడు మన పఠనమందిరములలో మొట్టమొదట వినబడవలసిన ప్రశ్న, అతడు మనవాడా కాదా యనునది కాదు. సాక్ష్య మేమి? దానిని పరీక్షించిన వారెవరు? అని యడుగుట నేర్చిన ప్రజల యభిప్రాయమునకే పాలకులు భయపడుదురు.