పోయినవారి పేరిట పూర్తధర్మం

కన్నవారో, కట్టుకున్నవారో, తోడబుట్టినవారో క్యాన్సర్‌తో కన్నుమూసినప్పుడు ఆ ఇంటిని రెండు దుఃఖాలు వెంటాడుతాయి. మనిషి లేరన్న బాధ ఒకటి. నెలల తరబడి కళ్లెదుట ఆ మనిషి పడిన యాతనను తగ్గించలేకపోయామన్న వేదన రెండవది. మొదటి దుఃఖానికి మాసికాలు, ఆబ్దికం, మహాలయ పక్షం అంటూ మన పెద్దలు ఒక దారి ఏర్పరిచారు. రెండవదానికీ మన ధర్మంలో మార్గం ఉంది. దాని పేరు పూర్తం.

యజ్ఞయాగాదులు ఇష్టమనీ, బావులు, చెరువులు, తోటలు, అన్నసత్రాలు వంటి లోకోపకార కార్యాలు పూర్తమనీ, రెండింటినీ కలిపి ఇష్టాపూర్తమనీ శాస్త్రం చెబుతుంది. బాటసారి దప్పిక తీర్చడం ఒకనాటి పుణ్యకార్యమైతే, మందు కొనలేని రోగికి వైద్యం అందించడం నేటి పుణ్యకార్యం. పితృకార్యం యథావిధిగా జరుపుకుంటూనే, పోయినవారి పేరిట నలుగురి నుంచి విరాళాలు సేకరించి క్యాన్సర్ రోగులకు అందించడం ఈ కోవలోనిదే.

‘పోయినవారి పేరు చెప్పి చేయి చాచడమా?’ అని కొందరు సంకోచిస్తారు. శ్రీరామనవమి పందిరికి ఇంటింటికీ తిరిగి చందా అడగడానికి మనం ఏనాడైనా సిగ్గుపడ్డామా? తన కోసం అడిగితే యాచన. ఆర్తుల కోసం అడిగితే సేవ. ఇచ్చే అవకాశం కల్పించినందువల్ల ఆ పుణ్యంలో పదిమందికీ భాగం దక్కుతుంది.

డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి జీవితం ఇందుకు నిదర్శనం. 1923 లో ఆమె చెల్లెలు క్యాన్సర్‌తో మరణించారు. ఆ శోకాన్ని ఆమె సంకల్పంగా మార్చుకున్నారు. దాతల సాయం కూడగట్టి, 1954 లో మద్రాసులోని అడయారులో పన్నెండు పడకలతో క్యాన్సర్ ఆసుపత్రిని ప్రారంభింపజేశారు. చెల్లెలు పోయిన ముప్పై ఒక్క ఏళ్లకు ఆ సంకల్పం ఫలించింది! మన హైదరాబాదులో నందమూరి తారక రామారావు గారి అర్ధాంగి బసవతారకం గారు కూడా ఈ వ్యాధితోనే పరమపదించారు. ఆమె పేరిట వెలసిన ఆసుపత్రి 2000 లో ప్రారంభమైంది. ప్రవాసాంధ్రులు సైతం దానికి చేయూతనిచ్చారు.

మనం ఆసుపత్రులు కట్టలేకపోవచ్చు. చికిత్స కోసం దూరం నుంచి వచ్చిన రోగికి రైలు చార్జీలు, తోడుగా వచ్చినవారికి నాలుగు రోజుల బస, రెండు పూటల భోజనం సమకూర్చలేమా? సంవత్సరీకాలనాడు బంధువులు పెట్టే బట్టలకు బదులు ఆ సొమ్మును ఇందుకు ఇమ్మని వినయంగా కోరవచ్చు.

అయితే కొన్ని నియమాలు తప్పనిసరి. పితృకార్యం మీ స్వార్జితంతోనే జరగాలి. సేకరించిన సొమ్ములో ఒక్క రూపాయి కూడా అందులో కలపరాదు. వచ్చినదీ ఇచ్చినదీ లెక్క రాసి, విరాళమిచ్చినవారందరికీ చూపాలి. ఎవరెంత ఇచ్చారో మైకులో చదివించి, ఇవ్వలేనివారిని నొప్పించవద్దు. ప్రతిఫలం కోరక, దేశ కాల పాత్రలెరిగి చేసేదే సాత్విక దానమని గీతాచార్యుడు పదిహేడవ అధ్యాయంలో బోధించాడు. ఫోటోల కోసం, పేరు కోసం చేసేది రాజసమవుతుంది.

ఇందులో మరొక మేలు కూడా ఉంది. క్యాన్సర్ అన్న మాట పైకి చెప్పడానికే జంకే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పాపఫలమంటారనో, పిల్లల సంబంధాలు చెడిపోతాయనో దాస్తారు. మీరు ఆ వ్యాధి పేరు చెప్పి విరాళం అడిగిన రోజున, రొమ్ములో గడ్డను గుట్టుగా దాచుకున్న ఏ ఇల్లాలో ధైర్యం చేసి వైద్యుని వద్దకు వెళ్లవచ్చు. తొలి దశలో గుర్తిస్తే నయమయ్యే క్యాన్సర్లు ఎన్నో ఉన్నాయి.

రాబోయే తిథికి తిలోదకాలు విడిచే ముందే ఈ సంకల్పమూ చెప్పుకోండి. మీ ఆత్మీయుల పేరు తలచుకుని ఒక అపరిచిత రోగి నెమ్మదిగా ఊపిరి పీల్చుకుంటే, అంతకు మించిన తర్పణం మరేముంటుంది?