క్లచ్ ప్లేట్లు పోయాయి అనే ముందు...

మొన్న వేసవి సెలవుల్లో ఒకరోజు తెల్లవారుజామున మూడున్నరకి నాన్న నన్ను లేపారు. "ఒరేయ్, గేరు పడ్లేదు, లేసి టార్చి పట్టుకో రా" అన్నారు. మాది మదనపల్లె దగ్గర పల్లె. నాన్నకో పాత పికప్ బండి ఉంది, వయసులో నాకంటే రెండేళ్ళే చిన్నది. మా ఊరి టమోటాలు ఎక్కువగా అందులోనే మార్కెట్‌కి పోతాయి. ఆరోజు కూడా వెనక బాక్సులు నిండుగా ఉన్నాయి. వేలంపాటకి ఆలస్యమైతే టమోటాకి ఏ రేటు పలుకుతుందో మా వైపు ఫ్రెండ్స్‌కి చెప్పక్కర్లేదు.

క్లచ్ తొక్కితే పెడల్ నేలకి అంటుకుపోతోంది. నాన్న ఇంజిన్ ఆపి, ఫస్ట్ గేర్ వేసి, గేర్‌లోనే సెల్ఫ్ కొట్టి బండిని కదిలించారు. ఎలాగో మార్కెట్‌కి చేరాం. అన్‌లోడ్ చేసి షెడ్డుకి వెళ్తే మెకానిక్ అన్న బండి కిందికి వంగి కూడా చూడలేదు. "క్లచ్ ప్లేట్లు పోయినాయి. గేర్ బాక్సు దించాల, రెండు రోజులు పడతాది" అన్నాడు. నాన్న తల ఊపేశారు. రెండు రోజులు బండి ఆగితే కిరాయిలు పోతాయి, పైగా ఖర్చు వేలల్లో. అయినా ఎదురు ప్రశ్న అడగలేదు. నా కోపం ఇక్కడే. ఆ అన్న మీద కాదు, నా మీద.

ఎందుకంటే నాకు పాస్కల్ సూత్రం వచ్చు. ఎగ్జామ్‌లో ఫుల్ మార్కులు. కానీ అదే సూత్రం మా బండి పెడల్ కింద పనిచేస్తోందని నాకు తెలీదు. చెప్పింది నాన్న స్నేహితుడు, ముప్పై ఏళ్ళుగా లారీ తోలే చిన్నాయన. "ప్లేట్లు పోతే గేరు పడతాది గానీ బండి లాగదు. యాక్సిలరేటర్ తొక్కితే సౌండ్ వస్తాది, ఎత్తు ఎక్కదు, మాడు వాసన వస్తాది. నీకు గేరే పడ్లేదు కదా, ముందు ఆయిల్ చూడు" అన్నాడు.

చూస్తే క్లచ్ ఆయిల్ డబ్బా దాదాపు ఖాళీ. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ ఆ ఆయిల్‌ని పైపులోకి నెడుతుంది. అవతలి చివర, గేర్ బాక్సు పక్కన ఉండే స్లేవ్ సిలిండర్‌లోని పిస్టన్ ముందుకొచ్చి ఫోర్క్‌ని తోస్తుంది. లోపలి రబ్బరు సీలు అరిగితే ఆయిల్ కారుతుంది, గాలి దూరుతుంది. గాలి నొక్కుకుపోతుంది కాబట్టి మన కాలి బలం ఫోర్క్ దాకా వెళ్ళదు. స్లేవ్ మీదున్న రబ్బరు టోపీ కొంచెం లాగితే లోపలంతా తడి. దొంగ దొరికాడు.

మా బండికి అది బయటే ఉంది, రెండు బోల్టులే. (కొన్ని బండ్లకి గేర్ బాక్సు లోపల పెడతారు. వాటికి ఎలాగూ బాక్సు దించాల్సిందే.) సీల్ కిట్ ఒక్కటే మారుద్దామా అంటే చిన్నాయన సిలిండర్ లోపల వేలు పెట్టి చూసి, గుంతలు పడింది, కొత్త సీలు కూడా నిలవదన్నాడు. అందుకే మొత్తం స్లేవ్ సిలిండరే మార్చాం. తర్వాత ఎయిర్ తీయడం నా డ్యూటీ. నాన్న పెడల్ నాలుగుసార్లు తొక్కి అలాగే పట్టుకుంటే నేను నిప్పుల్ వదులు చేయాలి, బుడగలు పోయాక బిగించాలి, అప్పుడే "వదులు నాన్నా" అనాలి. ఒకసారి బిగించకముందే వదలమన్నా. గాలి మళ్ళీ లోపలికి పోయింది, మొదటినుంచి మొదలు. పైగా ఆ బ్రేక్ ఆయిల్ పెయింట్ మీద పడితే పెయింట్ తినేస్తుందట. బండి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, నా సంతకం లాగా.

మధ్యాహ్నానికి గేర్లు పడ్డాయి.

నా అభిప్రాయం ఏంటంటే, ఈ రెండు రోజుల నష్టాన్ని ఆపింది ఒక్క వాక్యం: "గేరు పడకపోవడం వేరు, బండి లాగకపోవడం వేరు." ఆ వాక్యం నాన్నకి తెలుగులో ఎక్కడా రాసి కనిపించలేదు. బండితో వచ్చిన పుస్తకం ఇంగ్లిష్‌లో ఉంది, కవరు కూడా విప్పలేదు. చదవగలిగిన నేనేమో స్పానర్ పట్టలేదు. 2022 డిసెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది, అందులో వాహనాలు కూడా ఉన్నాయి. మంచిదే. కానీ రిపేర్ చేసుకునే హక్కు ఉందని చెప్పి, వివరం ఇంగ్లిష్‌లో ఇస్తే మా నాన్నకి ఏం ఒరిగింది?

తెలుగులో రాయమంటే కొందరు స్లేవ్ సిలిండర్‌కి "దాస స్తంభకం" అని పేరు పెట్టేస్తారేమో అని నా భయం. వద్దు. షెడ్డులో ఏమంటారో అదే రాద్దాం. "ఎయిర్ తీయడం" కంటే మంచి మాట నాకైతే కనపడలేదు.

మన మ్యాగజైన్‌లో ప్రతి సంచికకీ వాన మీద ఆరు కవితలు వస్తాయి. అందులో రెండు నావే, ఒప్పుకుంటా. ఒక్క పేజీ మెకానికల్ వాళ్ళకి ఇద్దాం. మోటార్ ఎందుకు కాలిపోతుంది, పెడల్ ఎందుకు కిందికి పోతుంది, ఇలాంటివి రాయమందాం. మొదటి పేజీ ప్రింట్ తీసి నాన్న బండి డాష్‌బోర్డ్‌లో పెడతా. ఇప్పటికే ఫోన్ చేసి అడుగుతున్నారు, "బ్రేకుది ఎప్పుడు రాస్తావు రా" అని.