ముగ్గురిలో మాయమైన దెయ్యం
రక్తపిశాచి సినిమా ‘నోస్ఫెరాటు’ 1922లో వచ్చింది. దాని ప్రతులన్నీ నాశనం చెయ్యమని జర్మనీ కోర్టు చెప్పినా, అక్కడా ఇక్కడా మిగిలిన రీళ్ల పుణ్యమా అని ఇవాళ బ్లూరేలో చూస్తున్నాం. కలకత్తా దెయ్యం మీద ఏ కోర్టూ కన్నెర్ర చెయ్యలేదు, అయినా పరాయి దేశం వెళ్లేసరికి మాయమైంది. ఠాగూర్ శతజయంతి ఏడాది 1961లో సత్యజిత్ రాయ్ తీసిన మూడు కథల సినిమా ‘తీన్ కన్యా’లో నడిమి కథ ‘మణిహార’. నగల పిచ్చి మణిమాలిక చచ్చాక కూడా నగ కోసమే వస్తుంది. విదేశాల్లో ఆ కథ తీసేసి ‘టూ డాటర్స్’ అన్నారు! రాయ్‌కి దెయ్యాలేంటని మూతి తిప్పే పెద్దలు ఆ ఎముకల చెయ్యి చూసి మాట్లాడాలి. ఒకే ఇటలీ భయానక చిత్రాన్ని నాలుగు రకాల కత్తిరింపులతో కొనే అభిమానులారా, మూడు కథలూ ఉన్న డిస్కే అడగండి.