జట్టులో నా స్థానమేది?



మనకు క్రికెట్ ఎట్లో అమెరికా వారికి బేస్‌బాల్ అట్లు. ఆ ఆటను కంప్యూటరులో నడిపించు ‘ఔట్ ఆఫ్ ది పార్క్ బేస్‌బాల్’ 1999లో వచ్చినది. ఇందులో బ్యాటు పట్టనక్కరలేదు. జట్టుకు పెద్దగా ఉండి ఎవరిని ఎక్కడ ఆడించవలెనో నిర్ణయించవలెను. అందలి ఆటగాళ్లకు ఉత్సాహమునకు కూడ ఒక లెక్కయున్నది. జట్టు గెలుపోటములతో పాటు, తనకిచ్చిన పని కూడ ఆ లెక్కలో చేరును. ముందు వరుసకు తగినవాడనని తలంచువానిని బల్లమీద కూర్చుండబెట్టినయెడల అతడు క్రుంగిపోవును. ఇంకను నేర్చుకొనుచున్న కుర్రవానికి అదే బల్ల లోటుగా తోచదు. ఆశించినదానికిని దొరికినదానికిని మధ్యనున్న ఎడమే మనిషిని నొప్పించుచున్నది.

నిజమైన మైదానములోను స్థానములు మారుచుండును. అట్లాంటా బ్రేవ్స్ జట్టులో జాన్ స్మోల్ట్స్ ఆట ఆరంభమునుండి బంతి విసరువాడు. 1996లో సై యంగ్ అవార్డు పొందెను. 2000లో మోచేతికి శస్త్రచికిత్స జరిగెను. తరువాత ఆట చివర వచ్చి గెలుపు కాపాడు పని అతనికి అప్పగించిరి. 2002లో ఆ పనిలోనే 55 ఆటలు కాపాడెను. 2005లో మరల మొదటి పనికి వచ్చెను.

మన సంఘములలో ఏమి జరుగుచున్నది? ఇరువది ఏండ్లు పాటలెత్తిన సహోదరి యుండగా, కీబోర్డు నేర్చిన యౌవనుడు వచ్చెనని ఒక ఆదివారము మైకు అతనికిత్తురు. ఆమెతో ఒక్క మాటయు చెప్పరు. ఆమె మొదట వెనుక వరుసకు, తరువాత గుమ్మము దగ్గరకు జరిగి, చివరకు ఇంటనే ఉండిపోవును. ‘ఆమెకు గర్వము’ అని మనమందుము. సండే స్కూలులోను, స్త్రీల సమాజములోను ఇదే కథ.

సంఘ పెద్దలారా, మార్పు అవసరమైనప్పుడు ముందుగా ఆమె ఇంటికి వెళ్లుడి. కారణము చెప్పుడి. ఆ యౌవనునికి పాత కీర్తనల రాగములు నేర్పు పని ఆమెకు అప్పగించుడి.

స్థానము మారిన ప్రియులారా, బర్నబాను తలంచుకొనుడి. అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయము మొదట అతని పేరు ముందున్నది. ఆ అధ్యాయము ముగియకమునుపే పౌలు పేరు ముందుకు వచ్చినది. అయినను బర్నబా ఆ ప్రయాణము విడిచి పోలేదు.

కంప్యూటరు ఆటలో అలిగినవానిని వేరొక జట్టుకు ఇచ్చివేయవచ్చును. సంఘములో అట్లు కుదరదు. ఆ ఒక్కరి కొరకును క్రీస్తు తన రక్తము కార్చెను. వచ్చు ఆదివారము వెనుక వరుసలో ఎవరు కూర్చున్నారో, ఎవరు రాలేదో చూడుడి. ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.